పాయింట్ల కూలి

గజపతినగరంలో పల్లెవెలుగు కోసం నిలబడ్డ కుర్రాణ్ని ఫోన్లోని సర్వే యాప్ అడుగుతోంది: "మీ ఇంట్లో కార్లెన్ని?" ఒక్కటీ లేదంటే "మీరు అర్హులు కారు" అని గెంటేస్తుంది. రెండున్నాయంటే ఇరవై నిమిషాలు గుచ్చి గుచ్చి అడిగి, నలభై పాయింట్లు విదిలిస్తుంది. డబ్బు కావాలంటే వెయ్యి నిండాలి. ఈలోగా పాతవాటికి గడువు తీరిపోతుంది.

"కూలెంతరా?" అన్నాడు పక్కనున్న తాత.
"నలభై పాయింట్లు తాతా."
"కిరాణా కొట్లో సెల్లతాయేటి?"

ఇది నయమే లెండి! 2011లో చతికిలబడ్డ సింగపూర్ కంపెనీ స్పీక్ ఏషియా, సర్వేలు నింపే భాగ్యానికి ముందుగా మన దగ్గరే 11,000 రూపాయలు కట్టించుకుంది. వారానికి వెయ్యి ఇస్తామంది. ఇప్పటివాళ్లు ధర్మాత్ములు. ఫోన్ నంబరు, పుట్టినరోజు, ఇంటి గుట్టు... అంతే పుచ్చుకుంటున్నారు.