ఎండిన కళ్ళకు ఏడుపెక్కువ

చలికాలం వచ్చిందంటే మా ఇంట్లో ఒంటికి జరిగే మర్యాదలు ఇన్నీ అన్నీ కావు. పెదాలకు నెయ్యి, మడమలకు వాజలైన్, చెవుల్లో దూది, కాళ్ళకు మేజోళ్ళు, నెత్తిన మంకీ క్యాపు. ఇన్ని కప్పుకున్నాక ఆ క్యాపుకు ఒకే ఒక కంత మిగులుతుంది. సరిగ్గా కళ్ళుండేది అక్కడే. డిసెంబరు గాలంతా ఇక వాటిదే.

పొద్దున్నే స్కూటరెక్కి కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట చేరేలోపు నా రెండు కళ్ళూ ధారాపాతం. ఓరోజు సిగ్నల్ దగ్గర పక్క బండాయన హెల్మెట్ అద్దం పైకెత్తి, "ధైర్యంగా ఉండండి సార్, అందరం పోయేవాళ్ళమే" అన్నాడు. ఎవరు పోయారని మాత్రం అడగలేదు, పెద్దమనిషి. ఆఫీసులో అయితే ఇంక్రిమెంటు రాలేదని ఏడుస్తున్నానని తేల్చేశారు. అదీ బొత్తిగా అబద్ధమని చెప్పలేం.

మనవాళ్ళ మధ్య కన్ను ఓసారి నులుముకుంటే చాలు, వైద్యులు పుట్టుకొస్తారు. మా అత్తయ్య నందివర్ధనం పూలు రెప్పలమీద పరుచుకుని పడుకోమంది. ఊరినుంచి బాబాయి ఫోన్ చేసి తేనె చుక్క వేసుకోమన్నాడు. "భగ్గుమంటుందిరా, మండిందంటే పనిచేస్తున్నట్టే" అని భరోసా కూడాను. పక్కింటాయన పన్నీరు బుడ్డి పట్టుకొచ్చాడు, వాళ్ళమ్మాయి పెళ్ళిలో చల్లగా మిగిలిందట. మందులషాపు కుర్రాడు వీళ్ళందరికీ తాత. నా మొహమైనా చూడకుండా ఓ చుక్కల సీసా కౌంటరుమీద పెట్టి, "ఈ సీజన్‌లో అందరికీ ఇదే ఇస్తున్నా సార్" అన్నాడు. మూసిన రెప్పలమీద పూలు పెట్టుకుంటే పోయేదేం లేదు, కాసేపు చల్లగా ఉంటుంది. ఆ సీసాతోనే చిక్కు. అందులో స్టెరాయిడ్ ఉండి, డాక్టరు చెప్పకుండా నెలలతరబడి వేసుకుంటూ పోతే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు, శుక్లాలూ రావచ్చు.

చివరికి మా ఆవిడే కంటి ఆసుపత్రికి లాక్కెళ్ళింది. డాక్టరమ్మ కంట్లో తిమ్మిరెక్కే చుక్కలు వేసి, గీతలు గీసిన సన్నటి కాగితం ముక్కను కింది రెప్ప అంచుకు తగిలించి 5 నిమిషాలు కూర్చోమంది. ఎంతమేర తడిస్తే అన్ని మార్కులు. ఊరంతా చూస్తుండగా ఏడ్చినవాణ్ణి, డిస్టింక్షన్ ఖాయమనుకున్నాను. తీసి చూస్తే 3 మిల్లీమీటర్లు. కనీసం 5 దాటాలట.

"కళ్ళు ఎండిపోయాయండీ" అంది.

"ఎండిపోతే ఇన్ని నీళ్ళెక్కడివి డాక్టరుగారూ?"

"ఎండిపోయాయి కాబట్టే!"

కంటిమీద ఎప్పుడూ ఓ పల్చటి తడిపొర ఉంటుందట. అడుగున జిగురు, నడుమ నీరు, పైన నూనె. ఆ నూనె రెప్పల అంచుల్లో ఉండే మైబోమియన్ గ్రంథుల నుంచి వస్తుంది. అది తగ్గిందా, కింది నీరు ఆవిరైపోతుంది. చలికాలపు పొడిగాలి ఆ పని ఇంకా తొందరగా కానిస్తుంది. మంటకు కన్ను కంగారుపడి గబగబా నీళ్ళు వదులుతుంది. ఉత్త నీళ్ళు! నిలవకుండా బుగ్గలమీదికి జారిపోతాయి. పైగా నిమిషానికి 15 సార్లదాకా కొట్టుకోవలసిన రెప్ప, ఫోన్ చూసేటప్పుడు సగానికి పడిపోతుందట. "సగమా? ఈయన అసలు కొట్టరండీ" అని మా ఆవిడ సాక్ష్యం చెప్పింది.

వైద్యం మాత్రం తేలిక. చలికి పేరుకున్న కొబ్బరినూనె సీసాను వేణ్ణీళ్ళలో పెడతాం చూడండి, ఆ గ్రంథులకూ అదే మర్యాద. గోరువెచ్చటి గుడ్డ కాసేపు రెప్పలమీద వేసి, పైన మెల్లగా నిమరాలి. కృత్రిమ కన్నీళ్ళ చుక్కలు కూడా రాసిచ్చింది. మూత తీసిన నెలకల్లా సీసా పారెయ్యమంది. బిల్లు చూసి అత్తయ్య, "నీకెందుకు బాబూ కొనడం, మా అమ్మాయిని అడిగితే ఊరికే తెప్పిస్తుందిగా" అంది.

ఆ చుక్క వేసుకోవడం ఒక విద్య. కింది రెప్ప లాగి, పైకి చూస్తూ, సీసా మూతి కంటికి తగలకుండా వదలాలి. నేను వదిలిన మొదటి చుక్క ముక్కుమీద, రెండోది మీసంలో, మూడోది చెవిలో పడ్డాయి. నా చెవికి ఇప్పుడు తడికి లోటు లేదు.

20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరాన ఉన్నదేదో 20 సెకన్లు చూడమంది కూడా. మా ఆఫీసులో నా సీటుకు అంతదూరంలో ఉన్నది మేనేజరు ఒక్కడే. రెండుపూటలు ఓర్చుకుని, సాయంత్రం గదిలోకి పిలిచి, "ఏమైనా చెప్పుకోవాలా?" అన్నాడు మెత్తగా. ఇంక్రిమెంటు సంగతి అక్కడే కదిపాను.

స్కూటరుమీద హెల్మెట్ అద్దం దించడం మొదలెట్టాక మార్గం సుఖంగానే ఉంది. మిగిలిన గండం భోగి. పొగకు ఎదురు నిలబడొద్దని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. తెల్లవారుజామున అపార్ట్‌మెంట్ ముందు మంట వేశారు. పొగ ఇటొస్తే నేను అటు, అటు మళ్ళితే నేను ఇంకోవైపు. కింది ఫ్లాటావిడ చూసి, "అన్నయ్యగారు ప్రదక్షిణ చేస్తున్నారు, ఏదైనా మొక్కేమో" అని నా వెనక నడిచింది. ఆవిడ వెనక ఇంకో నలుగురు. అరగంటలో అత్తయ్యతో సహా సగం అపార్ట్‌మెంటు మంట చుట్టూ తిరుగుతోంది. వచ్చే ఏడాది పంతులుగారిని కూడా పిలిపిస్తామని ప్రెసిడెంటుగారు అప్పుడే ప్రకటించారు. ఖర్చు ఫ్లాటుకు వంద.