హైబ్రిడ్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలము: ఎల్ల ఉద్యోగులును వారమునకు కనీసము మూడు దినములు ఆఫీసునకు రావలెను.

టీక: ఎల్ల ఉద్యోగులును = ల్యాప్‌టాప్ పుచ్చుకున్న వారందరును (గేటు దగ్గరి సెక్యూరిటీ, క్యాంటీన్ వంటవాడు ఇందులోకి రారు; 2020లో సైతం వారికి వర్క్ ఫ్రం హోమ్ లేదు); కనీసము = మేనేజరు చిత్తమును బట్టి పెరుగగల; మూడు దినములు = ఏ మూడైనను; రావలెను = గేటు వద్ద కార్డు గీకవలెను.

తాత్పర్యము: ‘మూడు’ అనగానే ‘ఏ మూడు?’ అనే ఆకాంక్ష పుడుతుంది. మూలకర్త దాన్ని తీర్చలేదు. పైగా, కలిసి కూర్చుంటే కొత్త ఆలోచనలు పుడతాయని హెచ్.ఆర్. వారు కింద ఫలశ్రుతి చేర్చారు. కలవడమే ఫలమైతే ఎవరితో, ఏ రోజు అన్నది ముందు చెప్పాలి. చెప్పకపోవడం వల్ల సోమవారం వచ్చినవాడు గురువారం వచ్చేవాణ్ణి తెరమీదే చూస్తున్నాడు. గచ్చిబౌలి ట్రాఫిక్ దాటి, డెస్క్ బుక్ చేసుకుని, హెడ్‌సెట్ తగిలించుకుని, పుణేలో ఉన్న టీమ్‌తో కాల్‌లో కూర్చుంటున్నాడు. కనుక ఇక్కడ కార్డు గీకడమే విధి, కలయిక ఒట్టి అర్థవాదం అని మా నిర్ణయం. గేటు యంత్రం లెక్కపెట్టగలిగింది అదొక్కటే మరి. రోజులు పేరుపెట్టి చెప్పవచ్చుననడానికి ప్రమాణం కావాలంటే చైనాలో ట్రిప్.కామ్ సంస్థ 1,612 మందితో చేసి చూసిన ప్రయోగం ఉంది. నికొలస్ బ్లూమ్ బృందం దాన్ని 2024లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది. కొందరు అయిదు రోజులూ ఆఫీసుకే వచ్చారు; మిగిలినవారికి రెండు రోజులు ఇంటినుంచి పనిచేసే వీలిచ్చారు. పనితీరులో, ప్రమోషన్లలో తేడా కనబడలేదు. వీలున్నవారిలో రాజీనామాలు మాత్రం మూడోవంతు తగ్గాయి. అక్కడ సూత్రకారుడు రోజుల లెక్కతో ఆగక బుధ, శుక్రవారాలని పేర్లు కూడా పెట్టాడు. దాంతో తక్కిన మూడు రోజులూ అందరూ ఒకేచోట ఉన్నారు.

కొత్తగా చేరిన కుర్రవాడు పక్కసీటు సీనియర్‌ను చూసి నేర్చుకునేది తెరమీద రాదు కదా అని పూర్వపక్షం. ఇది గట్టి ఆక్షేపణే. కానీ ఇది సూత్రాన్ని నిలబెట్టదు, దిద్దుతుంది: కుర్రవాడు వచ్చిన రోజునే సీనియరూ రావాలి. రెండు గదుల ఇంట్లో ముగ్గురున్నవారికి ఆఫీసే ప్రశాంతమని మరొక వాదం. వారికి ఆఫీసు తెరిచి ఉంటే చాలు, ఆజ్ఞ అక్కర్లేదు. ఇక పాఠాంతరాలు. 2025 కల్లా ఏ సమయంలోనైనా నాలుగోవంతు సిబ్బంది ఆఫీసులో ఉంటే చాలునని టీసీఎస్ వారి 2020 నాటి పాఠం. 2023 అక్టోబరు నుంచి అదే శాఖలో ‘అయిదు దినములు’ అని పాఠం. మొదటిది ప్రక్షిప్తమని కొట్టివేద్దామంటే, సంస్థే స్వయంగా ప్రకటించిందాయె. చివరగా ఒక శంక: పొద్దున వచ్చి కార్డు గీకి, కాఫీ తాగి, అరగంటలో ఇంటికి వెళ్ళిపోతే సూత్రభంగమా? కాదు. మూలంలో ‘రావలెను’ అనే ఉంది, ‘ఉండవలెను’ అని లేదు.