అంతా గ్రీనే సార్!

తెనాలి, బాపట్ల, రేపల్లె... ఏ కంప్యూటర్ ల్యాబ్‌లో అడుగుపెట్టినా ఇప్పుడు ఒకటే పాట: "స్క్రిప్ట్ కొట్టాం సార్, షీటులో సాఫ్ట్‌వేర్ వెర్షన్లన్నీ గ్రీన్." భేష్! ఇకమీదట వైరస్సులు కూడా ఆ ఎక్సెల్ షీటు చూసుకుని, గడప తొక్కకుండా తిరుగుముఖం పడతాయి కాబోలు.

అలాంటి స్క్రిప్ట్ ఒకటి నాకూ చూపించారు. అది వెర్షన్లను అంకెలుగా కాదు, అక్షరాలుగా పోలుస్తుంది. దాని లెక్కలో 3.10 కన్నా 3.9 పెద్దది! చుక్క తర్వాత ఒకటి కన్నా తొమ్మిది ఎక్కువే కదా మరి. పదో తరగతి పిల్లాణ్ణి తొమ్మిదిలోకి దింపి, పాసయ్యాడని చప్పట్లు కొట్టినట్టుంది.

2021 అక్టోబరులో పైథాన్ 3.10 వచ్చినప్పుడే ఈ ముచ్చట తెలిసింది. మొదటి మూడక్షరాలు కోసి చదివే స్క్రిప్టులకు అది 3.1 అయి కూర్చుంది. అంటే 2009 నాటి సరుకు. అయినా మనవాళ్లు అదే కత్తెర పట్టుకు తిరుగుతున్నారు. కొత్తది వేసినవాడికి ఎరుపు, పాతది పట్టుకు వేలాడేవాడికి పచ్చ. ఎరుపు పోవాలంటే వెనక్కి మార్చుకోవడమే మార్గం! డెబియన్, ఉబుంటుల్లో వెర్షన్లు సరిగ్గా పోల్చే పనిముట్టు ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీలోనే ఉంది. వాడితే అరిగిపోతుందా?

సరిగ్గా పోల్చినా అంతంతే, వెర్షన్ అంకె చూసి భద్రత తేల్చలేం. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే లోపానికి డెబియన్ వాళ్లు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను 1.0.1ఇ దగ్గరే ఉంచి మరమ్మతు చేశారు, చివరి తోక ఒక్కటే మారింది. 2024లో ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రాములో దొంగదారి దొరికింది అప్పటి తాజా 5.6.0, 5.6.1లలోనే. లోపం బయటపడ్డ లాగ్‌ఫోర్‌జే లైబ్రరీ సరేసరి, వేరే ప్రోగ్రాముల పొట్టలో దాక్కుంటే ప్యాకేజీల జాబితాలో పేరే కనపడదు.

అసలు వెర్షన్ చదవడం ఒక పనా? మార్చాలి కదయ్యా! అప్‌డేట్ ఎప్పుడు వేశారంటే "నెట్ స్లో సార్", "పరీక్షలయ్యాక సార్". షీటుకి మాత్రం రంగులు, పైన సంతకం, దానికో ఫైలు. పిల్లల మార్కులూ జనం ఆధార్ నకళ్లూ ఉన్న కంప్యూటర్ మీ చేతిలో పెట్టింది రంగులు వేయడానికా?

స్క్రిప్ట్ చూపించిన ల్యాబ్‌లోనే ఓ మూల ఇంకా విండోస్ 7 నడుస్తోంది. మైక్రోసాఫ్ట్ దానికి 2020 జనవరి 14నే నీళ్లొదిలేసింది. ఇది మీ షీటులో లేదేమని అడిగాను.

"ఎక్కిస్తే షీటు ఎర్రబడుతుంది సార్" అన్నారు.