స్కానర్ ఆ మాట చెప్పలేదు

మా రోజుల్లో బండి మిస్సింగ్ కొడుతోందంటే తార్నాక ఉస్తాద్ ముందు బానెట్ ఎత్తేవాడు కాదు. వెనక్కెళ్లి సైలెన్సర్ దగ్గర నిలబడి వినేవాడు. తర్వాత ఇంజన్ ఆన్‌లో ఉంచి, పొడిగుడ్డతో ఒక్కో ప్లగ్గు వైరూ ఊడదీసేవాడు. తీయగానే ఇంజన్ ఇంకా కుంటిందా, ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టే. తీసినా తేడా లేదా, తప్పు అక్కడే.

ఆ ప్లగ్గు విప్పి వెలుగులో పట్టి చూసేవాడు. లేత గోధుమరంగైతే మంచిదే. పొడిమసి పట్టి ఉంటే కార్బొరేటర్ పెట్రోలు ఎక్కువ పోస్తోంది. తెల్లబారితే ఎక్కడో గాలి లాగుతోంది. నూనె జిడ్డుంటే రింగులు అరిగాయి, ఇంజన్ దించాల్సిందే. అంబాసిడరైనా పద్మినీ అయినా వానాకాలంలో డెల్కో (డిస్ట్రిబ్యూటర్) మూతలో చెమ్మ చేరేది. మూత తుడిచి, పాయింట్లు గీకి, ఫీలర్ గేజ్‌తో దాదాపు 0.4 మిల్లీమీటర్ల సందు పెడితే సగం బండ్లు అక్కడే దారికొచ్చేవి.

ఇప్పుడు స్కానర్ తగిలిస్తారు. పి0303 అని పడుతుంది. మొన్న మా కారుకూ అదే పడింది.

"మూడో కాయిల్ పోయింది అంకుల్, నాలుగూ మార్చేద్దాం" అన్నాడు మెకానిక్ కుర్రాడు.

"కాయిలే అని ఎలా తెలుసు బాబూ?"

"స్కానర్ చెప్పింది కదా."

స్కానర్ ఆ మాట చెప్పలేదు. మూడో సిలిండర్ మండటం లేదంది, అంతే. ప్రతి మంటా క్రాంక్‌ను ఒక తోపు తోస్తుంది. తోపు తప్పినప్పుడు క్రాంక్ రవ్వంత మందగిస్తే సెన్సర్ పట్టేస్తుంది. గొప్ప పనితనమే, నేను కాదనను. కానీ ఎందుకు మండలేదో వెతకాల్సింది మనిషే.

మూడో కాయిల్‌ను ఒకటికీ, ఒకటోదాన్ని మూడుకీ మార్పించాను. కోడ్ చెరిపి, ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ దాకా తిప్పి తెచ్చాం. మళ్లీ పి0303. అంటే కాయిల్ బాగానే ఉంది. ఈసారి ప్లగ్గులు అటూ ఇటూ మార్చాం. పి0301 వచ్చింది! విప్పి చూస్తే మూడోదాంట్లోంచి తీసిన ప్లగ్గు పింగాణీ చిట్లి ఉంది. అప్పటికీ కోడ్ కదలకపోయి ఉంటే ఇంజెక్టర్, ఆ తర్వాత కంప్రెషన్ చూసేవాళ్లం. నడుస్తున్న ఇంజన్ మీద కాయిల్ ఊడదీసే పాత పద్ధతి ఈ బండ్లకు వద్దు, ఆ వోల్టేజీ ప్రమాదం. ఇంజన్ ఆపేసి మార్చి చూడటానికి ఏం అడ్డం? 1929 నుంచి ఇంజనీరింగ్ కాలేజీ ఉన్న క్యాంపస్ పక్కన ఈపాటి తర్కం కరువైతే నాకు కడుపు మండుతుంది.

బండి యజమానులూ అంతే. ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటున్నా హబ్సిగూడ దాటి ఉప్పల్ దాకా తొక్కుకుంటూ పోతారు. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరి అక్కడ కాలి, దాన్ని కరిగించేస్తుంది. ప్లగ్గుతో పోయేదానికి కన్వర్టర్ కొనాల్సి వస్తుంది. లైటు మిణుకుతుంటే బండి పక్కకు తీసి ఆపేయండి.