మూత తీయనివ్వని మిషన్లు

మా రోజుల్లో మిషను వచ్చిందంటే దాని వెంట డ్రాయింగులూ వచ్చేవి. కోలారు బంగారు గనుల్లో, అదే మా కేజీఎఫ్‌లో, పాతవాళ్ళు ఎవరినైనా అడగండి. ఇంగ్లండు నుంచి ఓడలో దిగిన వైండింగ్ ఇంజిను కానీ, కంప్రెసరు కానీ, పంపు కానీ, వర్క్‌షాపు బీరువాలో దాని కాగితాలు ఉండేవి. పళ్ళచక్రంలో పన్ను విరిగితే లండన్‌కు ఉత్తరం రాసి దారి చూస్తూ కూర్చునేవాళ్ళం కాదు. కాగితం పరిచి, కొలత చూసి, పోత పోసి, లేతు పట్టించి మళ్ళీ మిషను తిప్పేవాళ్ళం. 1902లో శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్లు తీగలు లాగి ఈ గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలగకముందే మా దగ్గర మోటార్లు తిరిగాయి. అవి తిరిగింది దొర గొప్పతనం వల్ల మాత్రమే కాదు. తమిళం మాట్లాడే ఫిట్టరు, తెలుగు మాట్లాడే ఎలక్ట్రీషియను మూత తీసి లోపలికి చూడగలిగారు కాబట్టి తిరిగాయి.

నేను ముళబాగిలు పక్క పల్లె నుంచి వచ్చి వైండింగ్‌లో ఫిట్టరుగా చేరాను. ఛాంపియన్ రీఫ్ గనిలో, మూడు వేల మీటర్లు దాటిన లోతుకు తాడు మీద మనుషుల్ని దించే పని అది. గంట ఎన్నిసార్లు మోగితే ఏం చేయాలో ఆ పట్టిక బోర్డు మీద రాసి షాఫ్టు దగ్గరే తగిలించి ఉండేది. మేనేజరు చూసేదీ, కూలీ చూసేదీ ఒకే బోర్డు. తాడు ఎవరు పరీక్షించారు, ఏ తేదీన, ఏం గమనించారు అన్నది రిజిస్టరులో సంతకంతో ఉండేది. ప్రాణం ఏ తాడు మీద వేలాడుతోందో ఆ తాడు సంగతి తెలుసుకునే హక్కు అందులో దిగేవాడికి ఉంది. నేను ఇంత వయసులోనూ పట్టుకు కూర్చున్న మాట ఇదొక్కటే.

ఇప్పుడు చూడండి. ఆండర్సన్‌పేటలో మొబైళ్ళు రిపేరు చేసే కుర్రాడు మంచి పనివాడు. కానీ ఫోనులో బ్యాటరీ మార్చాలంటే అద్దాన్ని వేడి చేసి జిగురు వదిలించాలి, ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని తెరవాలి. మా వీధి చివరి జెరాక్సు అంగట్లో ప్రింటరు ఉంది. బయట దొరికే సిరా డబ్బీ పెడితే లోపలి చిప్పు ఒప్పుకోదు, అచ్చు వేయనంటుంది. సొంత డబ్బు పెట్టి కొన్న మిషను యజమాని మాట వినకుండా ఎక్కడో ఉన్న కంపెనీ మాట వింటోంది. దీన్ని కొనడం అనాలా, అద్దెకు తెచ్చుకోవడం అనాలా?

ప్రింటరు దగ్గరే ఈ పోట్లాట మొదలైందని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం వేయలేదు. అమెరికాలో ఎంఐటీ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన, 1980 ప్రాంతంలో, కాగితం ఇరుక్కుపోయే ప్రింటరును బాగు చేద్దామని దాని ప్రోగ్రాము రాత అడిగాడు. ఇవ్వడం కుదరదన్నారు. 1983లో ఆయన గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు పని ప్రకటించాడు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ కంప్యూటరును నడిపించే లినక్స్ అనే ప్రోగ్రామును బయటపెట్టాడు. ఈ రెండిటి పద్ధతీ ఒకటే: రాత అందరికీ చూపించడం, దిద్దనివ్వడం, దిద్దినదాన్ని పంచుకోనివ్వడం. కుర్రకారు దీన్ని కొత్త సిద్ధాంతంలా చెబుతారు. మా వర్క్‌షాపులో అది రోజువారీ పని.

రాత మూసిపెట్టినవాళ్ళ సంగతి చూడండి. మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే చిప్పు ఉండాలి, ఫలానా ప్రాసెసరు ఉండాలి అన్నది. ఆ తేదీకి ముందు రోజు నడిచిన కంప్యూటరు తర్వాత రోజూ నడుస్తుంది. ఒక బోల్టు అరగలేదు, ఒక తీగ కాలలేదు. అయినా భద్రతా మరమ్మతులు అందక అది పాతదై కూర్చోవాలి. మా గనులు 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. ఖనిజంలో బంగారం తగ్గింది, లోతు పెరిగింది, ఖర్చు పెరిగింది అన్నారు. ఆ లెక్కలతో నేను అప్పుడూ పోట్లాడాను, ఇప్పుడూ పోట్లాడతాను. కానీ పోట్లాడటానికి కాగితం మీద లెక్కంటూ ఒకటి ఉంది. ఈ కంప్యూటరు చావుకు ఏ లెక్క చూపిస్తారు?

మా మనవడు పాత ల్యాప్‌టాపు పక్కన పడేస్తుంటే ఆపి, లినక్స్ మింట్ ఎక్కించమన్నాను. "దాంట్లో అన్నీ రావు తాతా" అన్నాడు. "నీకు ఏం కావాలప్పా, లిస్టు చెప్పు" అన్నాను. బ్రౌజరు, ఉత్తరాలు రాయడానికి లిబ్రే ఆఫీసు, సినిమా చూడటానికి వీఎల్‌సీ. అన్నీ వచ్చాయి. ఒక స్కానరు మాత్రం ఇంకా మొండికేస్తోంది. దాని తయారీదారు లినక్స్‌కు డ్రైవరు ఇవ్వలేదు, ఎవరైనా రాసుకుందామన్నా వివరాలూ ఇవ్వలేదు.

మన తెలుగు సంగతి ఇంకా బాధ. కోలారు జిల్లాలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. మా పిల్లలు చాలామంది తెలుగు మాటను కన్నడ లిపిలో రాసుకుంటారు. ఉన్న కాస్త తెలుగు రాతనైనా కాపాడుకుందామని మా సంఘంవాళ్ళం వెనక ఒక సంచిక వేశాం. డీటీపీవాళ్ళు తమ సొంత ఫాంటుతో కూర్చారు. పుస్తకాలు పంచేశాక ఫైలు సీడీలో భద్రంగా పెట్టాం. ఈమధ్య తెరిస్తే తెలుగు లేదు, పిచ్చి గీతలున్నాయి. ఆ ఫాంటు కావాలి, దాన్ని నడిపే ప్రోగ్రాము కావాలి, అది నడిచే పాత కంప్యూటరు కావాలి. చనిపోయినవాళ్ళ జ్ఞాపకాలు అందులో ఉన్నాయి. ఇప్పుడు ఒక్కో పేజీ మళ్ళీ టైపు చేస్తున్నాం, ఈసారి యూనికోడ్‌లో. తిరుమల కృష్ణ దేశికాచారి గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. తర్వాత మండలి, రామభద్ర లాంటివి స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చాయి. హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ పిల్లలు కంప్యూటరు తెరనే తెలుగు చేయడానికి కూర్చున్నారు. వాళ్ళందరికీ నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరపు ఒక కూర్పు మెసేజీలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. మన అక్షరం చదవలేక అంత ఖరీదైన ఫోను పడిపోయింది. ఆపిల్ కొద్ది రోజుల్లోనే దిద్దింది, కాదనను. కానీ ఆ రోజుల్లో తెలుగు పుట్టుక పుట్టి, ప్రోగ్రామింగ్‌లో ఆరితేరిన ఇంజినీర్లు వేలమంది ఉన్నారు. ఆపిల్ బయట ఉన్నవాళ్ళలో ఒక్కరికీ లోపలికి చూసే దారి లేదు. అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్ అనే బహిరంగ ప్రోగ్రాము ఉంది, ఆండ్రాయిడ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో అదే పని చేస్తుంది. అందులో ఒత్తు తప్పు పడితే శ్రీనివాసపురం కుర్రాడైనా రాత తెరిచి చూడొచ్చు, దిద్ది పంపొచ్చు.

తెరిచి చూడటం వల్ల ఏమవుతుందో 2024 మార్చిలో లోకమంతా చూసింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరుకు ఒక లినక్స్ కంప్యూటరులోకి లాగిన్ అవడం అరసెకను ఆలస్యంగా తోచింది. అరసెకను! వేరొకడైతే వదిలేసేవాడు. ఆయన వదల్లేదు. వెతుక్కుంటూ పోతే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాములో ఎవరో దొంగ తలుపు పెట్టారని బయటపడింది. ఇంకొన్నాళ్ళు ఆగితే అది లెక్కలేనన్ని సర్వర్లలోకి పాకేది. మా వైండింగ్ డ్రైవర్లలో ఇలాంటివాళ్ళు ఉండేవారు. మోటారు మోతలో కొంచెం తేడా వస్తే చాలు, షిఫ్టు బాసు తిట్టినా సరే, ఆపించి చూసేవారు.

ఆ కథలో నన్ను నిద్ర పోనివ్వనిది దొంగ కాదు. ఎక్స్‌జెడ్‌ను ఏళ్ళ తరబడి చూసుకున్నది లాసె కొలిన్ అనే ఒక్క మనిషి, అదీ జీతం లేకుండా. అలసిపోయానని, మనసు బాగాలేదని ఆయన రాస్తే, ఇంకా తొందరగా పని చేయమని ఎవరెవరో ఒత్తిడి పెట్టారు. సాయం చేస్తానంటూ వచ్చినవాడే తలుపు పెట్టాడు. మా గనిలో తాడు చూసేవాడికి జీతం ఉండేది, క్వార్టరు ఉండేది, జబ్బు చేస్తే కంపెనీ ఆసుపత్రి ఉండేది. ఒంటరి మనిషికి అంత బరువు అప్పజెప్పి పండగ చేసుకునే పద్ధతి మా దొరలకు కూడా తట్టలేదు. బ్యాంకులూ, ఆసుపత్రులూ, ప్రభుత్వాలూ నిలబడే ప్రోగ్రాములు ఉచితంగా దొరికాయని తీసుకుని, కాపలావాడికి అన్నం పెట్టరా?

గనులు మూతపడ్డాక మా పిల్లలు తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోతున్నారు. వాళ్ళలో సాఫ్ట్‌వేరు పనికి పోయేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ కంపెనీలు నడిచేది ఈ బహిరంగ రాతల మీదే. నేను మా మనవణ్ణి పట్టుకుని అడిగాను: మీరు వాడేవి ఎన్ని, వాటిలో జీతం లేకుండా చూసుకునేవాళ్ళు ఎందరు, మీ కంపెనీ వాళ్ళకు ఏడాదికి ఏం పంపుతోంది? మొదటిదానికి పెద్ద జాబితా తెచ్చాడు. రెండోది వెతుకుతున్నాడు. మూడోది వాళ్ళ మేనేజరును అడిగాడట, ఆయన ఇంకా జవాబు చెప్పలేదు. మళ్ళీ అడగమన్నాను, ఈసారి కాగితం మీద.