ముందు కాటా, తర్వాతే రెక్కలు

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. కిలో అటూఇటూ అయితే రైతూ వ్యాపారీ కాటా దగ్గరే తేల్చుకుంటారు. ఈ చదువు బెంగళూరులో విమానాలు చేసేవారికి ఎవరూ చెప్పినట్టు లేదు. వాళ్లు చేసిన ‘సరస్’ అనే పద్నాలుగు సీట్ల బుల్లి విమానం 2004లో ఎగిరింది. ఖాళీ బరువు 4,125 కిలోలు ఉండాల్సింది, 5,118 తూగింది. ప్రయాణికులకంటే ముందే పన్నెండు బస్తాల పిక్కలు ఎక్కి కూర్చున్నాయన్నమాట. 2009లో రెండో నమూనా కూలి ముగ్గురు వైమానిక దళ అధికారులు పోయారు. అక్కడ నాకు నవ్వు రాదు. తర్వాత డబ్బులు ఆపారు, 2018లో మళ్లీ ఎగరేశారు.

అంతకుముందు ‘మారుత్’ది ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం బాపతు. జర్మన్ ఇంజనీరు కుర్ట్ టాంక్‌ని పిలిపించి, ధ్వనికి రెట్టింపు వేగంతో పోయే యుద్ధవిమానం గీయించారు. 1961లో అది ఎగిరింది కూడా. తగిన ఇంజన్ చేయడానికి బ్రిటిష్ కంపెనీ సొమ్ము అడిగితే మనవాళ్లు గుప్పిట బిగించారు. చివరికి చిన్న ఇంజన్లే తగిలించి 147 చేసి సరిపెట్టుకున్నారు. మనమే కాదులెండి, అమెరికా కూడా ధ్వనిని మించే బోయింగ్‌ను 1971లో నమూనా పూర్తికాకుండానే చుట్టేసింది.

విమానం రద్దుకు ఒక్క సంతకం చాలు. మా నేలమీద గీసిన గీత చెరగాలంటే మాత్రం ఖరీదెక్కువ. సోంపేట బీల చిత్తడి నేలల్లో థర్మల్ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతి 2010 జులై 14న రద్దయింది. అదే రోజు అక్కడ పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు.

ఇప్పుడు మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కార్గో ఎయిర్‌పోర్టు అంటున్నారు. విమానయాన మంత్రి రామ్మోహన్‌నాయుడు మా జిల్లావారే కాబట్టి ఆశ పెద్దది. ఊళ్లేమో తోటలు ఇచ్చేది లేదంటున్నాయి. 2018లో తిత్లీ తుఫాను కూల్చేశాక మళ్లీ నాటిన చెట్లు ఇప్పుడిప్పుడే చేతికొస్తున్నాయి. పలాస జీడిపప్పా, రోజూ లారీ ఎక్కి హాయిగా పోతోంది. “ఏటి బాబూ, ఇమానం కొనేసినారేటి, అప్పుడే రన్‌వే అడుగుతన్నారు?” అన్నాడు మా ఊరి పెద్దాయన.

మంత్రిగారూ, సర్వే రాళ్లు పాతకముందే ఏ సరుకు, ఎన్ని టన్నులు, ఎవరు కట్టే కిరాయితో ఎగురుతుందో తూయించి మా గ్రామసభలో చదివించండి. కాటా కావాలంటే కాశీబుగ్గలో దొరుకుతుంది.