పద్నాలుగో ఏట తెరుచుకునే తలుపులు

దూరవిద్య అంటే బడీ పిల్లవాడూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా సాగే చదువు. రాయలసీమలోని బత్తలపల్లె వైపు దీన్ని 'ఓపెన్ టెన్త్ కట్టడం' అంటారు. 'చదవడం' అనరు. కట్టేది ఫీజు కనుక ఆ మాటే సరైనది. దీన్ని నడిపే ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం 1991లో ఏర్పడింది. పుస్తకాలిస్తుంది, సెలవు రోజుల్లో తరగతులు పెడుతుంది, రెగ్యులర్ పదితో సమానమైన సర్టిఫికెట్ చేతికిస్తుంది.

చేరడానికి కనీస వయసు 14 ఏళ్లు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఉచిత, నిర్బంధ విద్యకిచ్చిన హామీ కూడా 14 దగ్గరే ఆగుతుంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం ప్రమాదకరం కాని పనుల్లోకి పిల్లల్ని అనుమతించేదీ 14 నిండాకే. ప్రభుత్వ శాఖల మధ్య ఇంతటి సమన్వయం అరుదు.

దూరవిద్యను 'ఎంచుకునే' పిల్లలు నాలుగు రకాలు. మొదటి రకం తరఫున వాన ఎంచుకుంటుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు కురిసే సీమ ఇది, అదీ అదునుకు రాదు. శెనక్కాయ పోయిన ఏడు ఇంటిల్లిపాదీ బెంగళూరు బస్సెక్కుతారు. అక్కడి పని చోట తమ్ముణ్ణి ఆడించే పిల్లకు బత్తలపల్లె బడి అక్షరాలా దూరమే. రెండో రకం తరఫున మగ్గం ఎంచుకుంటుంది. ధర్మవరం పట్టుచీరకు కండెలు చుట్టే చెయ్యి ఇల్లు కదలకూడదు. మూడో రకం ఆడపిల్లలు. వాళ్లు పెద్దమనుషులైన నాటి నుంచి హైస్కూలు దారి పొడుగవుతుంది. ఆ దారిని కొలిచే టేపు ఇంటి పెద్దల దగ్గర ఉంటుంది. నాలుగో రకం నిజంగానే ఎంచుకున్నవారు. ఆటల శిక్షణకో, సొంత అభిరుచికో తీరిక కావాలని చేరినవారు. వీరు నగరాల్లోనూ, దూరవిద్య ప్రకటనల్లోనూ కనిపిస్తారు.

పరీక్ష పద్ధతి ఉదారమైనది. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి గట్టెక్కనక్కర్లేదు. పాసైనవి నిలిచి ఉంటాయి, తప్పినవి గడువులోపు మళ్లీ రాసుకోవచ్చు. తండ్రి వేసిన శెనక్కాయకు ఈ వెసులుబాటు లేదు. ఊడలు దిగే వేళ వాన తప్పితే పొలానికి సప్లిమెంటరీ ఉండదు. ఆ ఫలితం వెలువడ్డాకే బత్తలపల్లెలో ఓపెన్ టెన్త్ ఫీజు గురించి ఆలోచిస్తారు.